అద్దం పెంకు కింద

ఆర్కిటెక్చర్ రెండో ఏడాది చివర్లో నేను గీసిన హోటల్‌కు వంటగది ఉంది, ఆ వంటగదికి తలుపు లేదు. పొయ్యి ఎక్కడ, గిన్నెలు కడిగే తొట్టి ఎక్కడ, పొగ పోయే ఫ్యాను ఎక్కడ, అన్నీ కొలతలతో సహా వేశాను. గోడకు అతికించే టైల్స్ రంగు కూడా రాశాను. లోపలికి పోయే దారి ఒక్కటే మర్చిపోయాను. మా స్టూడియో మేడం ఆ ప్లాన్ చుట్టూ పెన్ను మొనతో ఒకసారి ప్రదక్షిణ చేసి, "వంటమనిషి ఇందులోనే పుట్టి ఇందులోనే పెరగాలా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. ఫెయిలయ్యాను.

మా యూనివర్సిటీలో స్టూడియో, అంటే గీసి చూపించే డిజైన్ పేపరు, ఒకసారి పోతే మళ్లీ చేసుకోవచ్చు. రెండోసారీ పోతే ఏడాది మొత్తం పోతుంది. ఈ సంగతి కోదాడలో ఇంటికొచ్చి చెప్పాను. ఆడపిల్ల పరీక్ష పోతే పెళ్లి చేసేస్తామని బెదిరించే నాన్నలు ఉంటారని విన్నాను. మా నాన్న అంతకంటే కఠినాత్ముడు.

"ఇంకోపాలి పోయిందనుకో, సదువు బంద్. సూర్యాపేట దుకాణంల తాత పక్కన కూసో," అన్నాడు.

అది మా ధాన్యం దుకాణం. నడిగూడెం నుంచీ చిలుకూరు నుంచీ రైతులు తువ్వాలు కొంగులో గుప్పెడు వడ్లు మచ్చు తెస్తారు. తాత ఆ గుప్పెడు చూసి మొత్తం కుప్ప ఎలాంటిదో చెబుతాడు. నాన్న బేరం మాట్లాడతాడు. సరుకు మిర్యాలగూడ మిల్లుకు పోతుంది. మా ఇంట్లో పలక పట్టని పిల్లలకు కూడా గింజ చూస్తే సన్నమో దొడ్డో తెలుస్తుంది. నాకు ఉడికిందీ ఉడకందీ తెలుస్తుంది. నన్ను తాత కూర్చునే పరుపు మీద కూర్చోబెడితే నష్టపోయేది నేనొక్కదాన్నే కాదని నాన్నకు నచ్చజెప్పబోయాను. ఆయన అప్పటికే టీవీ పెట్టేశాడు.

అందుకని మూడో ఏడాదిలో స్టూడియో మళ్లీ మొదలైనప్పుడు నేను చాలా బుద్ధిగా ఉన్నాను. ఈసారి పని ఏమిటంటే, నిజంగా మనుషులు పనిచేసుకునే ఒక చోటును ఎంచుకోవాలి, కొలవాలి, దాన్ని బాగుచేసే ఆలోచన చెయ్యాలి, వీలైతే కొంత భాగం నిజంగానే కట్టి చూపించాలి. మేడం ఒక షరతు పెట్టారు. "ముందు మూడు రోజులు అక్కడ ఊరికే కూర్చోండి. టేపు తియ్యొద్దు. ఎవరెక్కడ కూర్చుంటారు, ఎక్కడ నిలబడతారు, దేనికోసం లేస్తారు, చూడండి. నాలుగో రోజు కొలవండి."

నేను మా దుకాణాన్నే ఎంచుకున్నాను. టేపు మొదటి రోజే తీశాను.

నా తర్కం నాకుంది. అది వానలు పడే కాలం. దుకాణంలో ఒక్క బస్తా లేదు. సీజన్‌లో అక్కడ కాలు పెట్టే జాగా ఉండదు, టేపు ఎక్కడ పరుస్తాం? ఏ వ్యాపారి పిల్లకైనా ఈ మాత్రం తెలుసు. తాత కూడా లేడు. మోకాలి ఆపరేషన్ అయి కోదాడలో మంచం మీద ఉన్నాడు. ఖాళీ గది, నిశ్శబ్దం, తుమ్ములు రానివ్వని శుభ్రమైన గాలి. రెండు గంటల్లో గోడలు, గడప, దూలాలు, తాత కూర్చునే పరుపు, అన్నీ కొలిచేశాను. మిగిలిన రెండు రోజుల ఇరవై రెండు గంటలు హాస్టల్లో కూర్చున్నాను. కూర్చోవడం కూర్చోవడమే కదా.

నాకు అక్కడ కనిపించింది ఇది: బెంగళూరు పెంకుల కప్పు, దానికి ఒక పక్క వాలులో ఒకే ఒక్క అద్దం పెంకు. నీలిమందు కలిపిన సున్నం గోడలు, దవాఖాన గోడల్లాగా. పరుపు మీద ఎప్పుడూ తెల్ల దుప్పటే. ఒక్క బొమ్మ లేదు, ఒక్క రంగు లేదు. పరుపు కూడా గోడ వారగా కాకుండా గది మధ్యకు జరిగి, ఎవరో లాగి మర్చిపోయినట్టు ఉంది. నా నోట్సులో 'వెలుతురు సరిపోదు, ఆత్మీయత లేదు' అని రాసుకున్నాను. ఆత్మీయత అనే మాట మా కోర్సులో బాగా చెల్లుతుంది.

నా ఆలోచన చెప్పగానే నాన్న మెత్తబడ్డాడు. బంగారం షాపులకు ఉన్నట్టు పైన జిప్సం సీలింగు, అందులో వరుసగా పసుపు కాంతి లైట్లు, గోడకు ఇటుక రంగు. "ఆ అద్దం పెంకు కాన్నుంచే ప్రతి వానకు ఉరుస్తది. మూసిపారెయ్," అన్నాడు సంతోషంగా. ఆ పెంకు కింద తాత కూర్చుంటాడు, నాన్న కూర్చోడు. నాన్న కూర్చునేది గడప పక్కన, ఫోను చార్జింగు పెట్టుకునే ప్లగ్గు దగ్గర. మంచం మీది తాతను అడిగితే, "నీ ఇష్టం బిడ్డా, దుకాణం నీది కాదా?" అన్నాడు. ఆయన మనసులో సున్నం వేయిస్తానేమో అనుకున్నాడట.

పదిహేను రోజుల్లో పనయింది. మొదటిసారి లైట్లు వేసినప్పుడు మా వీధిలో నలుగురు వచ్చి చూశారు. ఒకాయన చెప్పులు బయట విడిచాడు. నేను ఫొటోలు తీసి మేడంకు చూపించాను. ఆమె ఒక్కొక్కటే చూసి, "బాగుంది. ఇందులో మనుషులు ఏరీ?" అన్నారు. సీజన్ రాలేదని చెప్పాను.

సీజన్ వచ్చింది. తాత కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చాడు. గడప మీదే ఆగి పైకి చూశాడు, గోడలు చూశాడు. "మంచిగున్నది. పెండ్లి మండపం లెక్కున్నది," అన్నాడు. "పిల్లగాడెవడు?"

తరవాతి వారం నాన్న ఫోను చేశాడు. "నువ్వు జర రా. తాత రోడ్డు మీద నిలవడ్తున్నడు."

నేను హైదరాబాద్ నుంచి బస్సెక్కి దిగేసరికి నిజంగానే నిలబడి ఉన్నాడు. రైతు మచ్చు తెస్తాడు. తాత లోపల పరుపు మీద కూర్చునే ఉంటాడు. నాలుగు గింజలు చెక్క మీద వేసి ఇంకో చెక్కతో రుద్ది, పొట్టు ఊది, మోకాలి మీద నల్లగుడ్డ పరిచి దాని మీద పోస్తాడు. వంగి చూస్తాడు. గుడ్డను అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు. తరవాత నాలుగు మూలలూ కలిపి పట్టుకుని, కర్ర వెతుక్కుని, ఆపరేషన్ అయిన మోకాలితో మెల్లగా లేచి, గడప దాటి, లారీలు పోయే రోడ్డు పక్కకు వెళ్లి ఎండలో చూస్తాడు. మళ్లీ వచ్చి కూర్చుంటాడు. మళ్లీ ఇంకో రైతు వస్తాడు. మళ్లీ లేస్తాడు.

"ఏం సేటూ," అన్నాడు చిలుకూరు రైతు ఒకాయన, "లోపట గన్ని లైట్లు వెట్టుకొని బయట ఎండల నిలవడ్డవ్. కరెంటు బిల్లు కాపాడుతున్నవా?"

"లోపట దేవుడున్నడయ్యా," అన్నాడు తాత. "గింజలు జూస్తే కోపమొస్తదట."

నన్ను చూసి ఆయన నవ్వాడు. అదే ఇబ్బంది. తిడితే సమాధానం చెప్పడం నాకు వచ్చు.

"లైట్లు ఇంకా పెద్దవి పెట్టిస్తా తాతా," అన్నాను.

"వద్దు బిడ్డా. ఎలుగు తక్కువ లేదు. బెల్లం నీళ్లల్ల చూసినట్టున్నది, గంతే."

అప్పటికి నాకు అర్థం కాలేదు. అర్థమైంది మిర్యాలగూడలో. తాత మోకాలు చూపించుకోవడానికి దవాఖానకు వెళ్లిన రోజు నాన్న ఆ పసుపు లైట్ల కింద తనే మచ్చు చూసి, గింజ ముత్యంలా ఉందని మురిసిపోయి, సరుకు కొని మిల్లుకు పంపాడు. మిల్లు మా మేనమామది. మామయ్య ఫోనులో రమ్మన్నాడు, అంతే. నాన్నతో పాటు నేనూ వెళ్లాను. మామయ్య ఆఫీసు గది కిటికీ దగ్గర తెల్లకాగితం మీద గుప్పెడు బియ్యం పోసి పెట్టుకుని మాకోసం ఎదురుచూస్తున్నాడు.

"బావా, కొననీకి పోయినప్పుడు కండ్లు కోదాడల మర్సిపోయినవా?"

"ఏమైంది?"

"ఏమైందా? సూడు. పసుపు కుంకాలతోటి పంపినవ్ గదా!"

బియ్యంలో సగం గింజలు పసుపుపచ్చగా ఉన్నాయి. కోసిన పంట వానలో తడిసి కుప్పలో వేడెక్కితే అలా రంగు తిరుగుతుందట. నాన్న ఒక గింజ తీసుకుని కిటికీ వైపు పట్టుకున్నాడు. "దుకాణంల తెల్లగున్నయి," అన్నాడు చిన్నగా. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. పసుపు వెలుతురులో పసుపు గింజ తెల్లగానే కనిపిస్తుంది. రంగుల పాఠం మొదటి ఏడాదిలోనే చదివాను. అందులో మంచి మార్కులు కూడా వచ్చాయి.

మామయ్యకు మా మొహాలు చూసి జాలి కలిగిందేమో, మిల్లు చూపిస్తానని తీసుకెళ్లాడు. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు వచ్చాను కానీ లోపలికి పోవాలంటే తుమ్ములు. ఈసారి దుపట్టా ముక్కుకు కట్టుకున్నాను. మూడంతస్తుల ఎత్తున ఇనుప గొట్టాల్లో బియ్యం ఎక్కుతోంది, దిగుతోంది. కాళ్ల కింద నేల వణుకుతోంది. చివర్లో ఒక యంత్రం ఉంది, బీరువా అంత. దాని అద్దం వెనకాల గింజలు జలపాతంలా జారుతున్నాయి. తెల్లటి వెలుతురు వాటి మీద పడుతోంది, కెమెరాలు చూస్తున్నాయి. రంగు మారిన గింజో, మామయ్య తెల్లపొట్ట అనే, నడుమ సున్నంలా తెల్లబడ్డ గింజో కనిపిస్తే చాలు, టప్‌మని గాలి దాన్ని పక్కకు కొడుతోంది. గింజ తరవాత గింజ, వాన చినుకుల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తున్నట్టు. నేను నోరు తెరిచి చూశాను. తవుడు నోట్లోకి పోయింది.

"ఈ మిషన్‌కు ఏం కావాలి మామయ్యా?" అన్నాను ఉమ్మేసి.

"గాలి, కరెంటు. ఇగ ఈ లైటు. లైటు జర మసకబారిందనుకో, కథ ఖతం. మంచివి చెడ్డవి ఒక్కతీరుగనే కనవడ్తయి. మేము అన్నిటికంటే ముందుగాల లైటే మారుస్తం."

తిరుగు ప్రయాణంలో నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ మా దుకాణాన్ని మనసులో మళ్లీ కొలిచాను. ఈసారి టేపు లేకుండా.

సూర్యాపేటలో దిగి నేరుగా తాత దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆ అద్దం పెంకు ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే. పాతకప్పు దీసి పెంకలు ఏయించినప్పుడు." చేతులు చాచి చూపించాడు. "ముందుగాల ఇటు దిక్కు వెట్టిచ్చిన. పొద్దుగాల ఎండ సక్కగ గుడ్డ మీద వడ్డది. ఎండల గింజ మెరుస్తది, మెరిస్తే అబద్దం సెప్తది. ఇగ అటు మార్పిచ్చిన. మాపటికి మళ్ల గదే కత. ఆ పెంకలాయన నన్ను వట్టి పిచ్చోని లెక్క జూసిండు. మూడోపాలి ఉత్తరం దిక్కు వెట్టిచ్చిన. ఎండ రావొద్దు బిడ్డా, ఎలుగు రావాలె."

"మరి గోడలకు నీలం?"

"తెల్లగ వెడితే కండ్లల్ల గుచ్చుతది. ఎర్రగ వెడితే గింజకు ఎర్రదనం అంటుతది. మూడు డబ్బాలు కలిపి జూసిన."

"పరుపు మధ్యలోకి ఎందుకు జరిపినవ్?"

ఆయన నా వైపు చూసిన చూపులో మా మేడం కనిపించారు. "పెంక గాడున్నది. నేను గోడకు కూసుంటే ఎలుగు నన్ను దేవులాడుకుంట రావాల్నా?"

తెల్ల దుప్పటి సంగతి నేనే తెలుసుకున్నాను. పైనుంచి దిగిన వెలుతురు దాని మీద పడి మళ్లీ పైకి లేచి గింజ అడుగు భాగానికి తగులుతుంది. అలాంటి వెలుతురు కోసం మా కాలేజీలో ఒక ల్యాబు ఉంది. అందులోకి పోవాలంటే సంతకం పెట్టాలి. ఒకటే చోటును మళ్లీ మళ్లీ మార్చి చూడాలని మేడం మూడేళ్లుగా మొత్తుకుంటున్నారు. తాత మూడు చోట్ల పెంకు మార్చాడు, మూడు డబ్బాల నీలం కలిపాడు, ఒక మనిషి దగ్గర పిచ్చోడు అనిపించుకున్నాడు. డిగ్రీ లేదు. ఆయన కట్టుకున్నది గది కాదు, చూపు. నేను దాని మీద మూత పెట్టి ఆత్మీయత అని పేరు పెట్టాను.

జ్యూరీకి నాలుగు రోజులుంది. జ్యూరీ అంటే బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ముందు, మేడం ముందు నిలబడి మన పనిని మనమే సమర్థించుకోవడం. నా దగ్గర 'ముందు', 'తరవాత' అని రెండు అందమైన పెద్ద బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి. వాటితో పోతే గట్టెక్కేదాన్ని. పెద్దమనిషికి వడ్లు కొనే పని లేదు.

సీలింగు మేస్త్రీని పిలిచాను. పరుపుకు సరిగ్గా పైన, సీలింగు మీద నాలుగడుగులకు నాలుగడుగులు గీత గీసి కోసెయ్యమన్నాను.

"నిన్నగాక మొన్ననే గదమ్మా ఏసింది?" అన్నాడు మేస్త్రీ.

"కోస్తవా, నేను కోయాల్నా?"

"నువ్వు కోస్తే మొత్తం మీద వడ్తది," అన్నాడు నాన్న. ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. నిచ్చెన పట్టుకున్నాడు.

ముక్క కిందికి దిగింది. తెల్లటి దుమ్ము గదంతా లేచింది. ఆ దుమ్ములోంచి వెలుతురు పరుపు మీదికి పలకలా దిగింది, మెత్తగా, ఏ మూలా ఎక్కువ కాకుండా, ఏ మూలా తక్కువ కాకుండా. అందులో దుమ్ము రేణువులు ఒక్కొక్కటి విడివిడిగా కనిపించాయి. తాత కర్ర పక్కన పెట్టి, దుమ్ము దులపకుండానే ఆ పలక మధ్యలోకి వెళ్లి కూర్చున్నాడు. మోకాలి మీద గుడ్డ పరిచాడు. ఇలాంటి సమయంలో కళ్లలో నీళ్లు తిరగాలి. నేను పదకొండు సార్లు తుమ్మాను.

గోడకు నీలం సున్నం నేనే వేశాను. మొదటి రెండు డబ్బాలు తాత ఒప్పుకోలేదు.

జ్యూరీకి ఒకే ఒక్క కాగితం పట్టుకుపోయాను. దుకాణాన్ని నిలువుగా కోసినట్టు గీసిన బొమ్మ అది. పెంకు, దాంట్లోంచి వెలుతురు దిగే దారి, దుప్పటి, మోకాలు, నల్లగుడ్డ. పక్కన ఒక పళ్లెంలో రెండు గుప్పెళ్ల బియ్యం, ఒకటి మంచివి, ఒకటి మామయ్య చూపించినవి.

"నువ్వు డిజైన్ చేసింది ఏమిటి?" అన్నాడు బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి.

"పదహారు చదరపు అడుగుల సీలింగు తీసేశాను సార్."

"వేసింది ఎవరు?"

"అదీ నేనే సార్."

ఆయన మేడం వైపు చూశాడు. "దీన్ని మరమ్మతు అంటారు గదా?"

"అవును సార్," అన్నాను. "నేను పాడు చేసినదానికే." తరవాత జరిగింది జరిగినట్టు చెప్పాను. మూడు రోజులు కూర్చోలేదని కూడా చెప్పాను. దాచడానికి ఇంక ఏం మిగలలేదు. మేడం పళ్లెం తీసుకుని బల్ల మీది పసుపు దీపం కింద పట్టుకుని చూశారు. తరవాత కిటికీ దగ్గరికి నడిచారు. అక్కడ చాలాసేపు నిలబడ్డారు, అచ్చం తాత రోడ్డు పక్కన నిలబడ్డట్టు. ఆమె వెనక్కి తిరిగేలోపు తరవాతి అమ్మాయిని పిలిచేశారు.

ఫలితాలు వారం తరవాత. ఆ వారమంతా దుకాణంలో కూర్చోమన్నాడు నాన్న. "అలవాటు గానియ్," అన్నాడు. అది బెదిరింపో ఓదార్పో ఆయనకే తెలియదు.

నేను తాత పక్కన, పెంకు కింద కూర్చున్నాను. ఆలస్యంగానైనా మేడం చెప్పిన పని చేశాను, ఊరికే చూశాను. రైతులు వంగే తీరు, తాత ఊదే తీరు, మబ్బు పడగానే ఆయన చెయ్యి గాలిలో ఆగి మబ్బు పోయే దాకా ఎదురుచూసే తీరు. రైతు కూడా ఆగుతాడు. ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు. మూడో రోజుకు గింజల్లో తేడా కనిపించడం మొదలైంది. ఇది నునుపు, ఇది గరుకు. ఇది కొస విరిగింది. ఇరవై ఒక్కేళ్లు కళ్లుండి చూడనిది కనిపిస్తుంటే గుడ్డ మీంచి తల ఎత్తలేదు.

ఐదో రోజు నడిగూడెం రైతు మచ్చు తెచ్చాడు. తాత గుడ్డ మీద పోశాడు. నేను వంగాను. నల్లగుడ్డ మీద ఒకే ఒక్క గింజ, మిగతా వాటికంటే తెల్లగా, లోపలినుంచి వెలుగుతున్నట్టు ఉంది. తెల్లపొట్ట అంటే ఇదే. మామయ్య చెప్పిన తెల్లపొట్ట. దాన్ని పట్టుకుని పెంకు వైపు ఎత్తాను.

"తాతా! ఇదిగో, తెల్లపొట్ట! నాకు కనవడ్డది!"

తాత దాన్ని అందుకున్నాడు. అరచేతిలో దొర్లించాడు. పంటి కింద పెట్టాడు. కటుక్కుమంది.

"ఇది రాయి బిడ్డా," అన్నాడు.

నడిగూడెం రైతు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గడప దగ్గర నాన్న ఫోనులోంచి తల ఎత్తలేదు, భుజాలు మాత్రం కదిలాయి.

తాత రాయిని రోడ్డు మీదికి విసిరి నాన్నను పిలిచాడు. "ఏమయ్యా, నీకో దండం. ఈ పిల్ల పాసైనా ఫెయిలైనా సదువుకే పంపు. గీడ కూసోవెడితే రైతులకు రాళ్లకు గూడ పైసలిస్తది."

"గట్లనే," అన్నాడు నాన్న. ఏడాది బెదిరింపు ఒక్క రాయితో తీరిపోయింది.

ఫలితం రెండు రోజుల తరవాత వచ్చింది. పాసయ్యాను, అంచు మీద. మేడం నా కాగితం కింద ఒక్క వాక్యం రాశారు: 'మళ్లీ వడ్లు వచ్చినప్పుడు నన్ను ఆ దుకాణానికి తీసుకెళ్లు.' తాతకు చదివి వినిపించాను. ఆయన అప్పుడే ఒక గుప్పెడు గుడ్డ మీద పోసుకున్నాడు, మబ్బు పోయే దాకా ఆగి ఉన్నాడు.

"రమ్మను," అన్నాడు పైకి చూస్తూ. "పొద్దుగాల పదింటికి రమ్మను. అప్పుడు మంచిగుంటది."